ఏమ్స్ పరీక్ష నెగెటివ్ వచ్చినా ఆ తులసి నూనెను ఎందుకు ఆపాం

ఇది ఒక తులసి నూనె కేసు. తులసి ఆకుల నుంచి ఆవిరి పట్టి తీసిన నూనెను సాఫ్ట్‌జెల్ క్యాప్సూల్‌లో పెట్టి అమ్మాలనుకున్న ఒక చిన్న కంపెనీ మా ల్యాబ్‌కి వచ్చింది. వాళ్లను గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను, అంకెలు కొన్ని సర్దాను. సాంకేతిక విషయం మాత్రం జరిగింది జరిగినట్టే ఉంది.

నా పని జన్యు విషశాస్త్రం. ఒక పదార్థం డీఎన్‌ఏను దెబ్బతీస్తుందా, క్రోమోజోములను విరగ్గొడుతుందా అని చూడడం. మందులు, పురుగుమందులు, రంగులు మా దగ్గరికి రోజూ వస్తాయి. వాటికి పరీక్షల దారి చాలావరకు ఖరారైపోయింది. మొక్కల నూనెలు అలా కాదు. ఒక్క సీసాలో పదుల కొద్దీ రసాయనాలుంటాయి, అవి గాల్లోకి లేచిపోతాయి, నీళ్లలో కరగవు, పైగా బ్యాక్టీరియాను చంపుతాయి. మన పరీక్షల్లో సగం బ్యాక్టీరియా మీదే నడుస్తాయన్నది గుర్తుంచుకోవాలి.

వాళ్లు అడిగింది

కంపెనీ దగ్గర అప్పటికే ఒక ఏమ్స్ రిపోర్టు ఉంది. ఏమ్స్ అంటే ఇక్కడ ఆస్పత్రి కాదు, ఒక పదార్థం బ్యాక్టీరియా డీఎన్‌ఏలో మార్పు తెస్తుందా అని చూసే పరీక్ష. వేరే ల్యాబ్‌లో చేయించారు. ఐదు స్ట్రెయిన్లలోనూ, అంటే ఐదు రకాల బ్యాక్టీరియాలోనూ, నెగెటివ్. "ఏమ్స్ అయిపోయిందండీ, చిట్టెలుకల మైక్రోన్యూక్లియస్ ఒక్కటి చేసిపెడితే ఫైలు పూర్తవుతుంది" అన్నారు. విరిగిన క్రోమోజోము ముక్కలు కణంలో ప్రధాన కేంద్రకం బయట చిన్న ముద్దలుగా మిగులుతాయి, వాటిని లెక్కపెట్టే పరీక్షే మైక్రోన్యూక్లియస్. విదేశీ కొనుగోలుదారు జన్యు భద్రత ఫైలు అడిగాడట. మూలికా మందుల మీద యూరప్ మందుల సంస్థ ఇచ్చిన మార్గదర్శకం కూడా వాళ్లు చదువుకునే వచ్చారు. అందులో మొదటి మెట్టు ఏమ్స్ పరీక్షే. అది స్పష్టంగా నెగెటివ్ అయితే సాధారణంగా అక్కడితో ఆగొచ్చు. ఆ లెక్కన చిట్టెలుకల పరీక్ష తమ వైపు నుంచి అదనపు జాగ్రత్త అని వాళ్ల ఉద్దేశం.

నేను మొదట అడిగింది ఆ లాట్ జీసీ-ఎంఎస్ రిపోర్టు. నూనెలో ఏ రసాయనం ఎంత ఉందో చెప్పే కాగితం అది. నాణ్యత విభాగం ఫైల్లో ఉంది కానీ భద్రత ఫైల్లో పెట్టలేదు. తెప్పించి చూస్తే యూజెనాల్ కొద్దిగా ఉంది. మిథైల్ యూజెనాల్ మాత్రం మూడో వంతు దాకా ఉంది.

కేసు మలుపు తిరిగింది అక్కడే. తులసి అనగానే యూజెనాల్ అనుకుంటాం, ఆ లవంగం వాసన దానిదే. కానీ తులసిలో రసాయన రకాలున్నాయి. కొన్ని మొక్కల నూనెలో యూజెనాల్ ఎక్కువ, కొన్నిటిలో మిథైల్ యూజెనాల్ ఎక్కువ. కృష్ణ తులసి, రామ తులసి అని ఆకు రంగు చూసి మనం పిలిచే పేర్లు నూనె సంగతి చెప్పవు. రెండు రసాయనాలకీ తేడా ఒక్క మిథైల్ గుంపు. ఒంట్లో అవి నడిచే దారులు మాత్రం వేరు. యూజెనాల్‌కి అంతర్జాతీయ ఆహార సంకలిత నిపుణుల కమిటీ రోజుకు కిలో బరువుకి 2.5 మిల్లీగ్రాముల దాకా అనుమతించింది. మిథైల్ యూజెనాల్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2023లో 2ఏ వర్గంలోకి, అంటే మనుషుల్లో బహుశా క్యాన్సర్ కలిగించేవాటి వరుసలోకి మార్చింది. అమెరికాలో జాతీయ టాక్సికాలజీ ప్రోగ్రామ్ ఎలుకలకు, చిట్టెలుకలకు రోజుకు కిలో బరువుకి 37, 75, 150 మిల్లీగ్రాముల చొప్పున రెండేళ్లు నోటి ద్వారా ఇచ్చి చూసింది. రెండిటిలోనూ కాలేయంలో గడ్డలు వచ్చాయి. 2018లో అమెరికా ఎఫ్‌డీఏ కృత్రిమ మిథైల్ యూజెనాల్‌ను ఆహార రుచుల జాబితా నుంచి తీసేసింది. మన దేశంలోనూ ఆహార భద్రత నిబంధనలు రుచి కోసం వాడకూడదన్న పదార్థాల వరుసలో ఇది ఉంది. అక్కడ యూజెనిల్ మిథైల్ ఈథర్ అని ఉంటుంది కాబట్టి కంపెనీ వాళ్ల కంట పడలేదు.

మరి అలాంటి రసాయనం మూడో వంతు ఉన్న నూనెకి ఏమ్స్ నెగెటివ్ ఎలా వచ్చింది? పాత ల్యాబ్ తప్పు చేసిందా? ముందు దీనికి జవాబు తేలాలి.

పాత రిపోర్టు చదవడం, పరీక్ష మళ్లీ చేయడం

ఏమ్స్ పరీక్షలో హిస్టిడిన్ తయారు చేసుకోలేని సాల్మొనెల్లాను వాడతాం. ప్లేటులో హిస్టిడిన్ చిటికెడే ఉంటుంది. దాంతో బ్యాక్టీరియా కొన్నిసార్లు విభజన చెంది, కంటికి పలచని పొరలా కనిపించేంత పెరిగి ఆగిపోతుంది. ఆ పొరను లాన్ అంటాం. డీఎన్‌ఏలో మార్పు వచ్చి హిస్టిడిన్ తయారీ శక్తి తిరిగొచ్చినవే పెద్ద కాలనీలవుతాయి. మనం లెక్కపెట్టేది వాటినే.

ఈ నూనె లాంటివి బ్యాక్టీరియాను చంపితే రెండు రకాలుగా మోసం జరగొచ్చు. మార్పు చెందాల్సిన బ్యాక్టీరియా కూడా చచ్చిపోతే కాలనీలు పెరగవు, ఫలితం నెగెటివ్‌లా కనబడుతుంది. రెండోది ఇంకా తికమక పెడుతుంది. చాలావరకు చచ్చిపోయి కొన్నే మిగిలితే, ఆ చిటికెడు హిస్టిడిన్ అంతా వాటికే దక్కుతుంది. ఒక్కొక్కటీ సూదిమొన అంత కాలనీ కడుతుంది. లెక్కపెట్టే యంత్రం వాటిని కూడా మార్పు చెందినవాటిగానే లెక్కేస్తుంది, ఫలితం పాజిటివ్ అయి కూర్చుంటుంది.

పాత రిపోర్టులో మొదటి రకం మోసానికి ఆస్కారం కనిపించింది. పై మోతాదుల్లో లాన్ పలచబడిందని పట్టిక కింద చిన్న అక్షరాల్లో రాశారు. ఏమ్స్ పరీక్షకు ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ ఇచ్చిన 471వ మార్గదర్శకం కనీసం ఐదు మోతాదుల్లో విశ్లేషించదగ్గ ఫలితం కోరుతుంది. విషప్రభావం చూపిన ప్లేట్లు పక్కన పెడితే అక్కడ అన్ని మిగల్లేదు. ఇంకోటి, నూనెను 45 డిగ్రీల దగ్గర కరిగిన అగార్‌లో (బ్యాక్టీరియాను పెంచే జెల్లీలో) కలిపి ప్లేటు మీద పోశారు. ఆవిరయ్యే పదార్థాన్ని వేడి అగార్‌లో మూత లేకుండా కలిపితే బ్యాక్టీరియాకి చేరిన మోతాదు ఎంతో ఎవరు చెప్పగలరు?

కాబట్టి అదే లాట్‌తో మళ్లీ చేయాలని నిర్ణయించాం. ప్రీ-ఇంక్యుబేషన్ పద్ధతి తీసుకున్నాం. నూనె, బ్యాక్టీరియా, ఎస్9 (కాలేయపు సారం) కలిపి మూత బిగించిన గాజు గొట్టాల్లో 37 డిగ్రీల దగ్గర ఉంచి, ఆ తర్వాతే అగార్ కలిపాం. యూజెనాల్ జాతి నూనెలు పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌ను తినేస్తాయి కాబట్టి గాజు ప్లేట్లు వాడాం. ఒక్కో మోతాదు ప్లేట్లను ఒక్కో గాలి చొరని గాజు పాత్రలో పెట్టాం. కంట్రోల్ ప్లేట్లకీ విడిగా ఒకటి. అన్నీ ఒకే పెట్టెలో పెడితే పై మోతాదు నుంచి లేచిన ఆవిరి పక్క ప్లేట్లకు తగులుతుంది. కణాల మీద విషప్రభావం అంచనా వేయడానికి 96 గుంటల ప్లేటు వాడినప్పుడు ఇది కళ్లారా చూశాం. ఎక్కువ మోతాదు గుంటల పక్కనున్న, నూనె చుక్క కూడా పడని కంట్రోల్ గుంటల్లో కణాలు వాడిపోయాయి. దూరంగా ఉన్న కంట్రోల్ గుంటల్లో బాగానే ఉన్నాయి.

ఐదు మిల్లీగ్రాముల గరిష్ఠ మోతాదు నుంచి కిందికి పెద్ద పెద్ద అంగలు వేసే అలవాటు ఇక్కడ పనికిరాదు. ముందుగా లాన్ ఎక్కడ పలచబడుతుందో చూసుకుని, దాని కింద దగ్గర దగ్గరగా మోతాదులు పెట్టుకున్నాం. ప్రతి ప్లేటు లాన్‌నీ స్టీరియో మైక్రోస్కోపు కింద చూశాం. ఎస్9 లేని వరుసలో ఒక మోతాదు దగ్గర టీఏ100 అనే స్ట్రెయిన్ కాలనీల సంఖ్య ఉన్నట్టుండి పెరిగింది. అవి సన్నగా, ఒకే సైజులో, చుట్టూ లాన్ లేకుండా ఉన్నాయి. కొన్నిటిని తీసి హిస్టిడిన్ లేని ప్లేటు మీద గీశాం. ఒక్కటీ పెరగలేదు. అంటే అవి మార్పు చెందినవి కావు, చావు తప్పించుకున్న పాత బ్యాక్టీరియానే. ఆ మోతాదును విషపూరితమని రాసి, విశ్లేషణలోంచి తీసేశాం.

చివరికి ఐదు స్ట్రెయిన్లలోనూ, ఎస్9 ఉన్నా లేకున్నా, నెగెటివే. పాత ల్యాబ్ ఇచ్చిన ముగింపు మారలేదు. కాకపోతే ఇప్పుడది నమ్మదగ్గ నెగెటివ్.

నమ్మదగ్గ నెగెటివ్ కూడా ఎందుకు సరిపోలేదు

మిథైల్ యూజెనాల్ తనంతట తాను డీఎన్‌ఏ జోలికి పోదు. కాలేయంలో రెండు మెట్లెక్కాక ప్రమాదకారి అవుతుంది. మొదటి మెట్టులో సైటోక్రోమ్ పీ450 ఎంజైములు దానికి ఒక హైడ్రాక్సీ గుంపు తగిలిస్తాయి. రెండో మెట్టులో సల్ఫోట్రాన్స్‌ఫరేజ్ అనే ఎంజైము ఆ చోట సల్ఫేట్‌ను అంటిస్తుంది. ఆ సల్ఫేట్ రూపం నిలకడ లేనిది. విడిపోతూ డీఎన్‌ఏకి అతుక్కుపోతుంది.

ఏమ్స్‌లో కలిపే ఎస్9 ఎలుక కాలేయపు సారమే. కానీ మనం దానికి అందించే సహ పదార్థాలు పీ450 నడవడానికి సరిపోయేవి. సల్ఫేట్‌ను మోసుకొచ్చే పాప్స్ అనే పదార్థం మామూలు ఎస్9 మిశ్రమంలో ఉండదు. అంటే మొదటి మెట్టు ఎక్కి రెండో మెట్టు దగ్గర ఆగిపోతుంది. పాప్స్ కూడా కలిపేస్తే పోదా అని మా జూనియర్ ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. అయితే సల్ఫేట్ రూపం బయట తయారైతే విద్యుదావేశం వల్ల బ్యాక్టీరియా పొర దాటి లోపలికి పోవడం కష్టం, ఈలోగా విడిపోతుంది కూడా. అందుకే మనిషి సల్ఫోట్రాన్స్‌ఫరేజ్‌ను బ్యాక్టీరియా లోపలే తయారయ్యేలా మార్చిన ప్రత్యేక స్ట్రెయిన్లను పరిశోధకులు రూపొందించారు. వాటిలో మిథైల్ యూజెనాల్ హైడ్రాక్సీ రూపం పాజిటివ్ ఇస్తుంది.

పాజిటివ్ కంట్రోల్ గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఎస్9 బాగా పనిచేస్తోందని చూపడానికి 2-అమైనోఆంత్రసీన్ వాడతాం. మా ప్లేట్లలో అది దండిగా కాలనీలిచ్చింది. దాన్ని చూసి కంపెనీ వాళ్లు "మరి కాలేయపు దారి పనిచేసినట్టే కదా" అన్నారు. ఆ కంట్రోల్ చెప్పేది తన దారి గురించే. సల్ఫేషన్ జరిగిందో లేదో దానికి తెలియదు. రిపోర్టు చదివేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

మనిషి రక్త కణాలతో మైక్రోన్యూక్లియస్ కూడా చేశాం, ఓఈసీడీ 487 ప్రకారం. పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. విషప్రభావం హద్దు 55 శాతానికి అటూఇటూగా ఉన్న మోతాదుల దాకా పెరుగుదల లేదు. అది దాటాక మైక్రోన్యూక్లియస్‌లు పెరిగాయి. కానీ అప్పటికి ద్రావణంలో నూనె బొట్లు తేలుతున్నాయి, కణాలు చావు దారిలో ఉన్నాయి. ఆ పెరుగుదలను పాజిటివ్ అనలేం, అలాగని రిపోర్టులో దాచనూలేం. రెండు మాటలూ రాశాం.

చిట్టెలుకల పరీక్షకు ఒప్పుకోకపోవడం

కంపెనీ కోరిన చిట్టెలుకల పరీక్ష ఎముక మజ్జలో మైక్రోన్యూక్లియస్‌లు చూస్తుంది. చేసి ఉంటే నెగెటివ్ వచ్చేదనే నా గట్టి నమ్మకం. ప్రమాదకరమైన సల్ఫేట్ రూపం కాలేయంలో పుట్టి అక్కడే ఖర్చైపోతుంది, మజ్జ దాకా చేరేది అత్యల్పం. అమెరికా అధ్యయనంలో గడ్డలు తెచ్చిన ఇదే రసాయనం చిట్టెలుకల రక్తంలో మైక్రోన్యూక్లియస్‌లు పెంచలేదు. ముందే జవాబు తెలిసిన పరీక్షకు జంతువులను బలిపెట్టి, ఆ నెగెటివ్‌ను భద్రతకు సాక్ష్యంగా ఫైల్లో పెట్టడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. అది అబద్ధం ఆడకుండానే జనాన్ని తప్పుదారి పట్టించడం.

మరి సరైన అవయవంలో, అంటే ఎలుక కాలేయంలో కామెట్ పరీక్ష (కణాల్లో డీఎన్‌ఏ తెగిందా అని చూసేది) చేస్తేనో? దీని గురించి మా బృందంలో గట్టిగానే వాదించుకున్నాం. చేయాలన్నవాళ్ల మాటలో బలముంది: నూనె మొత్తం మీద కాలేయపు సమాచారం దొరుకుతుంది. వద్దనడానికి నా కారణం ఇది. పాజిటివ్ వస్తే కొత్తగా తెలిసేది లేదు. నెగెటివ్ వచ్చినా రెండేళ్ల క్యాన్సర్ అధ్యయనం చెరిగిపోదు. ఏ ఫలితం వచ్చినా మన నిర్ణయం మారనప్పుడు ఆ పరీక్ష దేనికి? మనుషుల కాలేయ నమూనాల్లోనే మిథైల్ యూజెనాల్ అతుక్కున్న డీఎన్‌ఏ దొరికిందని 2013లో ప్రచురించారు కూడా.

అందుకని పరీక్షలు ఆపి లెక్క కట్టాం. రోజుకు రెండు క్యాప్సూల్స్, ఒక్కోదానిలో 50 మిల్లీగ్రాముల నూనె. మొత్తం 100. అందులో మూడో వంతు మిథైల్ యూజెనాల్ అంటే దాదాపు 33 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి కిలోకి 0.55 మిల్లీగ్రాము. ఎలుకల్లో గడ్డలు తెచ్చిన కనిష్ఠ మోతాదు 37. మధ్య దూరం 67 రెట్లు. డీఎన్‌ఏను దెబ్బతీసే క్యాన్సర్ కారకాల విషయంలో యూరప్ ఆహార భద్రత సంస్థ కనీసం పదివేల రెట్ల దూరం చూస్తుంది. అదీ 37 నుంచి కాదు, గణితంతో అంచనా కట్టిన ఇంకా తక్కువ మోతాదు నుంచి. కంపెనీ పెద్దాయన ఈ లెక్కను తన కాగితం మీద తానే మళ్లీ వేసుకున్నారు. ఆ తర్వాత మైక్రోన్యూక్లియస్ ప్రస్తావన రాలేదు.

ఆయన అడిగింది వేరే. "తులసి తీర్థం మనం పుట్టినప్పటి నుంచీ తాగుతున్నాం కదండీ?" ఈ ప్రశ్నను తేలిగ్గా తీసేయకూడదు. తాజా ఆకులో నూనె సాధారణంగా ఒక శాతం కన్నా తక్కువ. అంటే 100 మిల్లీగ్రాముల నూనెకి కనీసం పది గ్రాముల ఆకు కావాలి, చాలాసార్లు దానికి కొన్ని రెట్లు. తీర్థంలో వేసేది నాలుగు దళాలు. ఇంకొక తేడా కూడా ఉంది. తులసికి దగ్గరి బంధువైన రుద్రజడ ఆకులో నెవాడెన్సిన్ అనే పదార్థం ఉంటుంది. అది ఆ సల్ఫోట్రాన్స్‌ఫరేజ్‌నే అడ్డుకుంటుందని ప్రయోగశాలలో చూపారు. అది ఆవిరయ్యేది కాదు కాబట్టి నూనెలోకి రాదు. ఆకుకున్న చరిత్రను నూనెకి అంటగట్టకూడదనడానికి నాకు ఇంతకన్నా మంచి కారణం అక్కర్లేదు.

ఏది కుదరలేదు, ఏది కుదిరింది

నూనె తీసే మనిషి మొదట మళ్లీ డిస్టిల్ చేసి మిథైల్ యూజెనాల్ తీసేస్తానన్నాడు. కుదరదు. యూజెనాల్, మిథైల్ యూజెనాల్ రెండూ మరిగేది 254 డిగ్రీల దగ్గరే. క్షారంతో కడిగితే యూజెనాల్ విడిపోతుంది, అది ఫినాల్ కాబట్టి. కానీ అలా తీసింది యూజెనాల్ అవుతుంది గాని తులసి నూనె కాదు, లేబుల్ మీద ఆ పేరు పెట్టలేరు. తక్కువున్న లాట్‌తో కలపడమంటే పలచన చేయడమే. మూడో వంతు నుంచి ఆరో వంతుకు తగ్గించి ఏం లాభం?

మిగిలిన దారి మొక్కను మార్చడం. యూజెనాల్ రకం తులసిని ఎంచుకుని, దాని నూనెకు ప్రతి లాట్‌లోనూ మిథైల్ యూజెనాల్ 0.1 శాతం దాటకూడదని హద్దు పెట్టించాం. ఎస్ట్రాగోల్‌కీ అదే హద్దు, అదీ ఇదే రెండు మెట్ల దారిలో నడిచేది. అంత తక్కువ పాళ్లను కొలవడానికి ప్రామాణిక నమూనాతో పోల్చే జీసీ పద్ధతి కావాలి, శిఖరాల విస్తీర్ణం చూసి చెప్పే శాతాలు చాలవు. రోజు మోతాదును 100 నుంచి 10 మిల్లీగ్రాములకు తగ్గించమన్నాం. అప్పుడు మిథైల్ యూజెనాల్ రోజుకు 10 మైక్రోగ్రాములు మించదు. 60 కిలోల మనిషికి 37 మిల్లీగ్రాముల మోతాదుతో దూరం రెండు లక్షల రెట్ల పైన. మార్కెటింగ్ వాళ్లు మోతాదు తగ్గింపును గట్టిగా వ్యతిరేకించారు. పెద్దాయన ఒప్పుకున్నారు. పిల్లల కోసం కూడా తేవాలనుకున్న సరుకును వాళ్లంతట వాళ్లే మానుకున్నారు. బరువు తక్కువైన ఒంటికి అదే చుక్క ఎంత ఎక్కువవుతుందో లెక్క చూశారు కాబట్టి నేను చెప్పాల్సిన పని పడలేదు.

ఆ తర్వాతే కొత్త నూనెతో ఏమ్స్, మైక్రోన్యూక్లియస్ రెండూ పూర్తిగా చేశాం. రెండూ నెగెటివ్. ఈసారి ఆ నెగెటివ్‌కి అర్థముంది. పరీక్షకు కనపడని దారిలో నడిచే రసాయనాలను కొలతతో, హద్దుతో ముందే కట్టడి చేశాం. మిగతావాటి గురించి చెప్పగల శక్తి ఈ పరీక్షలకుంది. రిపోర్టు ముగింపులో "ఈ నూనె జన్యుపరంగా సురక్షితం" అని రాయలేదు. ఏ లాట్, ఏ కూర్పు, ఏ మోతాదుల దాకా, ఏ జీవక్రియ దారి పరీక్షలో లేదు అన్నది నాలుగు వాక్యాల్లో రాశాం. కొనుగోలుదారు తరఫు టాక్సికాలజిస్టు అదనంగా ఏమీ అడగకుండా ఆమోదించారు.

మా ల్యాబ్‌లో మారినవి

మొక్క నూనె ఏదొచ్చినా ఇప్పుడు పరీక్ష చేసే లాట్‌దే జీసీ-ఎంఎస్ రిపోర్టు, రోజు మోతాదు, వాడేవాళ్ల వయసు అందాకే కొటేషన్ ఇస్తున్నాం. కూర్పులో మిథైల్ యూజెనాల్, ఎస్ట్రాగోల్, సాఫ్రోల్ కనబడితే పరీక్షల జాబితా కన్నా ముందు లెక్క కడతాం. వస నూనెలోని బీటా-ఆసరోన్‌కి కూడా అదే చేస్తాం, అది నడిచే జీవక్రియ దారి వేరైనా. ఆ లెక్కకు అయ్యే ఖర్చు ఒక పూట పని. కొందరు క్లయింట్లు అక్కడే ఆగి నూనె మార్చుకుంటారు. మాకు ఆ మేరకు పరీక్షల ఆదాయం తగ్గుతుంది, తగ్గనీ.

ఈ కంపెనీతో పని ఇంకా ఉంది. రెండో రైతు దగ్గర నుంచి వచ్చిన లాట్‌లో మిథైల్ యూజెనాల్ హద్దుకు చాలా పైన వచ్చింది. చేను చూస్తే మొక్కలన్నీ ఒకేలా ఉన్నాయట. గింజలు చల్లి పెంచిన నారు అది, పక్క చేలో వేరే రకం తులసి ఉంది. ఆ లాట్ వెనక్కి పోయింది. ఇప్పుడు పరీక్షించిన తల్లి మొక్కల కొమ్మలు నాటి నారు పెంచుతున్నారు, తొలి కోత నూనె వచ్చే సీజన్‌లో మాకు పంపుతారు.